అమ్మానాన్నల్ని నయాగరా తీసుకెళ్తున్నారా? అయితే దారిలో ఈ ఊళ్ళు కూడా చూపించండి

న్యూజెర్సీలోనో పెన్సిల్వేనియాలోనో ఉండే తెలుగువాళ్ళింటికి ఇండియా నుంచి పెద్దవాళ్ళు వస్తున్నారంటే నయాగరా ట్రిప్ ఖాయం, ఫ్లైట్ టికెట్లు కొన్నరోజే అదీ డిసైడైపోతుంది. పులిహోర కలుపుకుని, పెరుగన్నం డబ్బాలకెత్తుకుని, తెల్లారకముందే బయల్దేరి ఏడు గంటలు హైవే మీద తోలేసి, సాయంత్రానికి జలపాతం ముందు నిలబడి ఫోటోలు దిగి, మర్నాడు బోటెక్కి, మళ్ళీ అదే దారిలో వెనక్కి రావడం. అందరం చేసేది ఇదే. కానీ ఆ దారిలో సిరక్యూస్ దాటాక ఆబర్న్ అనే ఊరి నుంచి రోచెస్టర్ దాకా ఒక డెబ్బై మైళ్ళ ముక్క ఉంది, మార్చి నెల వస్తే విమెన్స్ హిస్టరీ మంత్ అని మన పిల్లలకి స్కూల్లో చెప్పే కథల్లో బోలెడు ఆ ముక్కలోనే జరిగాయి. మనం మాత్రం ఐ-90 మీద డెబ్బై స్పీడులో, రెస్ట్ ఏరియాలో కాఫీ తాగి వాటన్నిటి పక్కనుంచీ వెళ్ళిపోతుంటాం.

ఈ ట్రిప్‌కి ఒక్కరోజు కలిపి ఆ ఊళ్ళు ఎలా చూడాలో, పెద్దవాళ్ళకీ పిల్లలకీ బోర్ కొట్టకుండా ఎలా చెప్పాలో రాస్తున్నా. ఎడిసన్ వైపు నుంచి బయల్దేరేవాళ్ళని దృష్టిలో పెట్టుకుని రాసింది ఇది, బోస్టన్ వైపు నుంచి వచ్చేవాళ్ళకైతే ఇంకా ఈజీ, ఎలాగూ ఐ-90 మీదే వస్తారు కాబట్టి.

ముందు ప్లాన్. జీపీఎస్‌లో నయాగరా కొట్టకండి, ఆబర్న్, న్యూయార్క్ అని కొట్టండి. స్క్రాంటన్, బింగ్‌హామ్‌టన్ మీదుగా ఐ-81 పట్టుకుని వెళ్తే నాలుగు నాలుగున్నర గంటలు, పొద్దున్నే ఆరింటికి బయల్దేరితే పదకొండుకల్లా అక్కడుంటారు. అక్కణ్ణుంచి త్రూవే, అంటే ఆ ఐ-90, ఎక్కొద్దు, రూట్ 5 అండ్ 20 అని ఒక పాత రోడ్డుంది, చెరువులంత కాదు గానీ సముద్రమంత అనిపించే లేకుల చివర్లని తాకుతూ ఊళ్ళ మధ్యలోంచి పోతుంది. మనకి కావలసిన ఊళ్ళన్నీ ఆ రోడ్డు మీదే వరసగా, ఆబర్న్, సెనెకా ఫాల్స్, వాటర్లూ, జెనీవా, కెనన్‌డేగువా. రాత్రికి జెనీవాలోనో రోచెస్టర్‌లోనో హోటల్ తీసుకోండి, కిచెనెట్ ఉన్నది దొరికితే ఇంకేం, రైస్ కుక్కర్ ఎలాగూ డిక్కీలో ఉంటుంది. మర్నాడు రోచెస్టర్ చూసుకుని మధ్యాహ్నం బయల్దేరినా గంటన్నరలో నయాగరా. వెళ్ళేది మే నుంచి సెప్టెంబర్ లోపల అయితే మంచిది, చలికాలంలో మ్యూజియంల టైమింగ్స్ బాగా తగ్గిపోతాయి. సోమవారం ఈ ఊళ్ళల్లో పడకుండా చూసుకోండి, చాలాచోట్ల మూసుంటాయి, ఎందుకైనా మంచిది ముందురోజు ఫోన్ చేసి కనుక్కోండి.

కారులో వెళ్తూ చెయ్యాల్సిన పని ఒకటుంది, అది చెయ్యకపోతే మాత్రం ఈ ఊళ్ళల్లో చూడ్డానికి పాత ఇళ్ళు తప్ప ఏమీ ఉండవు. ఫలానా ఆవిడ మొదటి మహిళా డాక్టరు, ఫలానా ఆవిడ మొదటి ఇంకేదో అని చెప్తే అమ్మ "అలాగా" అంటుంది, పిల్లలు ఫోన్ చూసుకుంటారు. ముందు ఆ రోజుల్లో రూల్ ఏంటో చెప్పాలి, ఆ తర్వాత ఆ రూల్‌ని ఎవరు ఎలా తప్పారో చెప్పాలి. 1840ల నాటికి ఇక్కడ పెళ్ళైన ఆడదానికి చట్టం దృష్టిలో విడిగా ఉనికే లేదు, పుట్టింటివాళ్ళు ఇచ్చిన ఆస్తి, తను కూలి చేసి తెచ్చిన జీతం, ఆఖరికి విడిపోతే పిల్లలు కూడా మొగుడికే. సొంతంగా కాంట్రాక్ట్ మీద సంతకం పెట్టలేదు, కోర్టులో కేసు వెయ్యలేదు, ఓటు ఊసే లేదు, మగవాళ్ళున్న సభలో లేచి మాట్లాడ్డమే తప్పు. ఇంత అభివృద్ధి చెందిన దేశంలో కూడానా అని మామయ్యగారు ఆశ్చర్యపోతారు చూడండి, అక్కడ పట్టుకోండి కథ. ఇంక ఆయనే అడుగుతుంటారు.

ఆబర్న్‌లో సౌత్ స్ట్రీట్ మీద హ్యారియెట్ టబ్‌మన్ ఇల్లుంది, 2017 నుంచి నేషనల్ పార్క్ లిస్టులో ఉంది. మేరీల్యాండ్‌లో బానిసగా పుట్టింది ఆవిడ, చిన్నప్పుడు ఒక ఓవర్సీర్ ఇంకెవరి మీదకో విసిరిన ఇనప తూకం రాయి తలకి తగిలి జన్మంతా ఉన్నట్టుండి నిద్రలోకి జారిపోయే జబ్బు పట్టుకుంది, ఆ జబ్బుతోనే 1849లో పారిపోయింది. పారిపోయిన మనిషి ఊరుకోకుండా మళ్ళీ మళ్ళీ వెనక్కెళ్ళి మిగతావాళ్ళని తీసుకొచ్చింది. పిల్లల పుస్తకాల్లో కొన్నిట్లో 19 ట్రిప్పులు, 300 మంది అని ఉంటుంది, అది ఆవిడ బతికుండగా వచ్చిన ఒక జీవితచరిత్రలో పెంచి రాసిన లెక్క, చరిత్రకారులు తేల్చింది సుమారు 13 ట్రిప్పులు, 70 మంది. తగ్గిందని ఫీలవ్వక్కర్లేదు, పట్టుబడితే ఏమవుతుందో తెలిసి కూడా పదమూడు సార్లు వెనక్కెళ్ళడం అంటే మాటలా. సివిల్ వార్‌లో 1863 జూన్‌లో సౌత్ కరోలినాలో కంబాహీ నది మీద జరిగిన దాడికి దారి చూపించింది కూడా ఈవిడే, ఆ ఒక్క రాత్రి 700 మందికి పైగా బానిసలు బయటపడ్డారు.

అయితే పెద్దవాళ్ళకి చెప్పాల్సింది ఇంకోటుంది. 1857లో హ్యారియెట్ ముసలివాళ్ళైన సొంత అమ్మానాన్నల్ని తీసుకొచ్చింది, వాళ్ళు అంత దూరం నడవలేరని ఉన్న చెక్కలూ చక్రాలూ కలిపి ఒక బండి లాంటిది తయారుచేసి. కెనడాలో సెయింట్ కేథరిన్స్ అనే ఊళ్ళో పెడితే అక్కడి చలికి వాళ్ళు తట్టుకోలేకపోయారు, అప్పుడు 1859లో ఆబర్న్‌లో సెనేటర్ విలియం సూయర్డ్ దగ్గర 1,200 డాలర్లకి ఏడెకరాల స్థలం, ఇల్లు కొనుక్కుని ఇక్కడికి మార్చింది. చట్టం ప్రకారం అప్పటికి ఆవిడ ఇంకా పరారీలో ఉన్న బానిస, ఆవిడకి స్థలం అమ్మడమే నేరం కిందకొస్తుంది. న్యూయార్క్ చలికి శాలువా మీద శాలువా కప్పుకుని కూచున్న మీ అమ్మగారికి ఈ కథ చెప్పి చూడండి, వేరే వివరణ అక్కర్లేదు. యుద్ధంలో చేసిన పనికి పెన్షన్ కోసం దశాబ్దాలు తిరిగితే చివరికి 1899లో నెలకి 20 డాలర్లు శాంక్షన్ చేశారు, అందులో కూడా కొంత భర్త పేరు మీద వచ్చే వితంతు పెన్షనే. గవర్నమెంట్ ఆఫీసుల చుట్టూ తిరిగిన నాన్నగార్లకి ఇది కొత్తగా అనిపించదనుకోండి.

ఆబర్న్‌లో గంటన్నర చాలు. అక్కడే బెంచీల మీద కూచుని పులిహోర తినేసి బయల్దేరితే ఇరవై నిమిషాల్లో సెనెకా ఫాల్స్.

ఇక్కడ మాత్రం రెండు గంటలు పెట్టుకోండి, ఇదే అసలు ఊరు. ఫాల్ స్ట్రీట్ మీద విమెన్స్ రైట్స్ నేషనల్ హిస్టారికల్ పార్క్ విజిటర్ సెంటర్ ఉంటుంది, టికెట్ లేదు, బాత్రూములు నీట్‌గా ఉంటాయి, లోపలికెళ్ళగానే నిలువెత్తు కంచు బొమ్మలు గుంపుగా నిలబడి ఉంటాయి, పెద్దవాళ్ళు ముందు ఫోటోలు అక్కడే అడుగుతారు. పక్కనే ఉన్న ఇటుకల కట్టడం వెస్లియన్ చాపెల్, 1848 జులై 19, 20 తేదీల్లో అమెరికాలో మొట్టమొదటి మహిళా హక్కుల సభ జరిగింది అందులోనే. ఆ చాపెల్ తర్వాత ఎన్ని అవతారాలెత్తిందో, ఒపెరా హౌస్ అయింది, కార్ల షోరూం అయింది, ఆఖరికి బట్టలుతికే లాండ్రోమాట్ కూడా అయింది, పాతగోడల్లో మిగిలిన ముక్కల్ని ఉంచి మళ్ళీ కట్టారు. గోడ మీద పాత ఇటుకేదో కొత్త ఇటుకేదో తెలుస్తుంది, పిల్లల్ని కనిపెట్టమనండి.

సభ కథ ఇలా చెప్పండి. ఎలిజబెత్ కేడీ స్టాంటన్ అని జడ్జిగారి కూతురు. చిన్నప్పుడు నాన్న ఆఫీసులో కూచుంటే ఆడవాళ్ళొచ్చి మా పొలం పోయింది అయ్యా అని ఏడవడం, ఆయన లా పుస్తకం తీసి చట్టం ఇంతేనమ్మా అని చూపించడం రోజూ చూసి, ఆ పేజీలన్నీ కత్తెరతో కత్తిరించేస్తే సరిపోతుంది కదా అనుకుందట. పెళ్ళయ్యాక 1840లో లండన్‌లో బానిసత్వ వ్యతిరేక మహాసభకి వెళ్తే, ఆడ డెలిగేట్లు మాట్లాడ్డానికి వీల్లేదు, అడ్డంగా తెర కట్టినచోట కూచుని వినండి అన్నారు, బానిసల హక్కుల సభలోనే ఇదీ వరస. అక్కడే లుక్రీషియా మాట్ అనే పెద్దావిడ పరిచయమైంది. ఎనిమిదేళ్ళ తర్వాత ఈ సెనెకా ఫాల్స్‌లో పిల్లలూ, వంటా, పనివాళ్ళు దొరక్కపోవడం వీటితో విసిగిపోయున్న స్టాంటన్‌కి పక్క ఊరు వాటర్లూలో మాట్ వచ్చిందని తెలిసింది, 1848 జులై 9న జేన్ హంట్ ఇంట్లో అయిదుగురు ఆడవాళ్ళు టీకి కలిశారు, జేన్ హంట్ రెండు వారాల బాలింత. ఆ టీ దగ్గర మాటల్లో మాటగా మొదలై, రెండ్రోజుల్లో పేపర్లో ప్రకటన, పదిరోజుల్లో సభ. మనవాళ్ళ కిట్టీ పార్టీలని తక్కువగా మాట్లాడే బాబాయిలెవరైనా కార్లో ఉంటే ఈ సంగతి కాస్త గట్టిగా చెప్పండి.

సభ రోజు పొద్దున వస్తే చాపెల్‌కి తాళం వేసుంది, స్టాంటన్ మేనల్లుణ్ణి కిటికీలోంచి లోపలికి ఎక్కించి తలుపు తీయించారు. మొదటిరోజు ఆడవాళ్ళకే అని చెప్పినా మగవాళ్ళు కూడా వచ్చేశారు, సరే కూచోండి గానీ నోరెత్తకండి అన్నారు. స్టాంటన్ రాసుకొచ్చిన ప్రకటన అమెరికా స్వాతంత్ర్య ప్రకటననే తిరగరాసినట్టుంటుంది, అందులో మగవాళ్ళందరూ సమానంగా పుట్టారు అనుంటే ఈవిడ మగవాళ్ళూ ఆడవాళ్ళూ అందరూ అని చేర్చింది, రాజు చేసిన అన్యాయాల లిస్టు ఉన్నచోట మగవాడు చేసినవి పెట్టింది. ఓటు కావాలి అని రాసేసరికి మాత్రం లుక్రీషియా మాట్ కూడా భయపడింది, లిజ్జీ, మనందర్నీ నవ్వులపాలు చేస్తావు నువ్వు అని. స్టాంటన్ భర్త హెన్రీ పెద్ద సంస్కర్తే, ఆయనైతే ఓటు మాట వినగానే ఊరొదిలి వెళ్ళిపోయాడు. అన్ని తీర్మానాలూ ఏకగ్రీవంగా పాసయ్యాయి, ఓటు తీర్మానం ఒక్కటే కష్టమైంది, అప్పుడు ఫ్రెడరిక్ డగ్లస్, బానిసత్వం నుంచి బయటపడొచ్చిన మనిషి, లేచి మాట్లాడి గట్టెక్కించాడు. 68 మంది ఆడవాళ్ళు, 32 మంది మగవాళ్ళు సంతకం పెట్టారు, పేపర్లు వెక్కిరించేసరికి కొంతమంది మా పేరు తీసెయ్యండి అని వెనక్కి తగ్గారు కూడా. సంతకం పెట్టిన వాళ్ళలో షార్లెట్ వుడ్‌వర్డ్ అని ఇంట్లో కూచుని గ్లవ్స్ కుట్టే కుర్రపిల్ల ఉంది, 1920లో ఓటు హక్కు వచ్చేనాటికి మిగిలింది ఆవిడొక్కతే, తీరా ఆ ఎలక్షన్ రోజు ఒంట్లో బాగోక వెళ్ళలేకపోయింది.

బయట నీళ్ళు జారే పొడుగాటి గోడ మీద ఆ ప్రకటన, పేర్లు చెక్కి ఉంటాయి. చదివి వినిపించే పని పిల్లలకి అప్పజెప్పండి, వాళ్ళు ఇంగ్లీషులో ఒక లైను చదవాలి, మీరు తెలుగులో అమ్మమ్మకి చెప్పాలి. అన్నీ వద్దు, ఓపికలుండవు. ఆస్తి, జీతం, కాలేజీ, ఓటు, ఈ నాలుగూ చాలు.

కాలవ గట్టు వైపు నడిస్తే ముగ్గురు ఆడవాళ్ళు రోడ్డు మీద కలుసుకున్నట్టు విగ్రహాలుంటాయి, మధ్యలో అమీలియా బ్లూమర్, ఒకపక్క స్టాంటన్, ఇంకోపక్క సూజన్ బి. ఆంథొనీ, 1851లో వాళ్ళిద్దర్నీ పరిచయం చేసింది ఈ బ్లూమరే. ఆ బ్లూమర్ డ్రెస్ చూడండి, మోకాళ్ళ దాకా గౌను, కింద చీలమండల దగ్గర బిగించిన వదులు ప్యాంటు, మన పంజాబీ డ్రెస్సే అది సుమారుగా. అంతకుముందు పొడుగు గౌన్లకింద పొరలు పొరలుగా పేటీకోట్లు వేసుకుని, చంకలో పిల్లాడు, చేతిలో దీపంతో మెట్లెక్కలేక చచ్చేవాళ్ళు. ఆ డ్రెస్ వేసుకున్నందుకు వీధుల్లో వెంటపడి ఎగతాళి చేశారు, ఆ ఎగతాళి పడలేక కొన్నేళ్ళకి చాలామంది మళ్ళీ గౌన్లకే వెళ్ళిపోయారు.

స్టాంటన్ ఇల్లు వాషింగ్టన్ స్ట్రీట్‌లో ఉంది, రేంజర్ టూర్ ఉంటేనే లోపలికి వెళ్ళగలరు, విజిటర్ సెంటర్‌లో అడగండి. ఏడుగురు పిల్లల తల్లి, ఇల్లు కదలలేదు, కూచుని స్పీచులు రాసేది, పెళ్ళి చేసుకోని ఆంథొనీ వచ్చి పిల్లల్ని ఎత్తుకుని, పొయ్యి మీద కుండ కలిపి, రాసినవి పట్టుకెళ్ళి ఊరూరా మాట్లాడేది. యాభై ఏళ్ళు ఇలాగే నడిచింది. ఊళ్ళో విమెన్స్ హాల్ ఆఫ్ ఫేమ్ కూడా ఉంది, టికెట్ పెట్టి చూడాలి, టైం ఉంటే సరే, లేకపోతే వదిలెయ్యండి.

వాటర్లూలో మెక్లింటాక్ ఇంట్లో ఆ ప్రకటన రాశారు, రాసిన బల్ల వాషింగ్టన్ స్మిత్సోనియన్‌లో ఉంది కాబట్టి ఇక్కడ కారు స్లో చేసి ఇల్లు చూపిస్తే చాలు.

జెనీవాలో దిగండి. ఇక్కడి హోబార్ట్ అండ్ విలియం స్మిత్ కాలేజీ లాన్‌లో ఎలిజబెత్ బ్లాక్‌వెల్ విగ్రహం ఉంది. మెడిసిన్‌లో సీటు కోసం ఎన్నో కాలేజీలకి రాసింది, అన్నీ కాదన్నాయి. జెనీవా మెడికల్ కాలేజీ వాళ్ళు మేం కాదంటే బాగోదని, మీలో ఒక్కడు వద్దన్నా ఇవ్వం అని నిర్ణయం స్టూడెంట్స్ మీదకి తోశారు. కుర్రాళ్ళు ఇదేదో పక్క కాలేజీవాళ్ళు వేసిన జోకు అనుకుని కేకలేస్తూ ఏకగ్రీవంగా ఓకే అనేశారు. 1847లో నిజంగానే ఒకమ్మాయి క్లాసులోకి వచ్చి కూచుంది. ఊళ్ళో ఆడవాళ్ళే ఈవిడ చెడ్డదైనా అయ్యుండాలి పిచ్చిదైనా అయ్యుండాలి అని ఆగి ఆగి చూసేవాళ్ళట. 1849 జనవరి 23న క్లాస్ ఫస్ట్ వచ్చి డిగ్రీ తీసుకుంది, అమెరికాలో ఎండీ అయిన మొదటి మహిళ. అంత జరిగాక అదే కాలేజీ వాళ్ళు ఈవిడ చెల్లెలు ఎమిలీకి సీటు ఇవ్వలేదు, ఆవిడ క్లీవ్‌లాండ్ వెళ్ళి చదువుకుంది. ఒక తలుపు తెరుచుకుంటే అది తెరిచే ఉంటుందని గ్యారంటీ లేదని మా అమ్మాయికి నేను చెప్పాల్సిన పనిలేకుండా ఈ కథే చెప్పేసింది.

గుంటూరు వాళ్ళు కార్లో ఉంటే ఇక్కడ అసలు విషయం ఉంది. ఇలా సీట్లు ఇవ్వకపోవడం వల్లే 1850లో ఫిలడెల్ఫియాలో ఆడవాళ్ళకోసమే ఒక మెడికల్ కాలేజీ పెట్టారు. అందులో 1879లో పాసైన ఒక డాక్టరు అన్నా సారా కుగ్లర్, గుంటూరు కుగ్లర్ హాస్పిటల్ పేరులో ఉన్న కుగ్లర్ ఆవిడే. 1883లో గుంటూరు వెళ్తానంటే, లూథరన్ మిషన్ వాళ్ళు ఆడ డాక్టర్ని పంపే ఉద్దేశం మాకింకా లేదు, కావాలంటే టీచర్‌గా వెళ్ళమన్నారు, సరే అని వెళ్ళి అక్కడ మందులివ్వడం మొదలుపెట్టింది, రెండేళ్ళకి వాళ్ళే దారికొచ్చారు. మగ డాక్టరు చెయ్యి పట్టుకుని చూస్తే ఒప్పుకోని ఇళ్ళల్లోకి వెళ్ళి కాన్పులు చేసింది, 1898లో ఆడవాళ్ళకి పిల్లలకి హాస్పిటల్ తెరిచింది, 1930లో గుంటూరులోనే చనిపోయింది. ఆవిడ అటు బయల్దేరిన 1883లోనే మహారాష్ట్ర నుంచి ఆనందీబాయి జోషి అదే ఫిలడెల్ఫియా కాలేజీలో చేరడానికి ఇటు వచ్చింది, చీర కట్టుకునే క్లాసులకెళ్ళి 1886లో డాక్టరైంది. మా అత్తయ్యగారిలా మేం కుగ్లర్‌లోనే పుట్టాం అనేవాళ్ళు మీ ఇంట్లో ఎవరన్నా ఉంటే ఈ లాన్‌లో అరగంట ఎక్స్‌ట్రా పెట్టుకోండి, ఆ రోజు హాస్పిటల్ కథలు మొదలైతే ఆగవు.

కెనన్‌డేగువా కోర్టు రోడ్డు మీదకే కనిపిస్తుంది, గోపురం ఉన్న పెద్ద బిల్డింగు. 1873 జూన్‌లో సూజన్ బి. ఆంథొనీ కేసు విచారణ ఇక్కడే. ఏం నేరం అంటే ఓటు వేసింది. 1872 నవంబర్ 5న రోచెస్టర్‌లో వెళ్ళి, పౌరులందరికీ హక్కులున్నాయని రాజ్యాంగంలో ఉంది, నేను పౌరురాలినే కదా అని వాదించి ప్రెసిడెంట్ ఎలక్షన్లో ఓటేసింది, ఇంకో 14 మంది ఆడవాళ్ళు కూడా వేశారు. రెండు వారాలకి ఒక మార్షల్, అంటే ఫెడరల్ పోలీసు అధికారి, ఇంటికొచ్చి మొహమాటపడుతూ, కాస్త ఆఫీసు దాకా రండి అన్నాడు, ఏం, మగవాళ్ళనైతే ఇలాగే పిలుస్తారా, బేడీలు వెయ్యి అని చేతులు చాపింది. ట్రామ్‌లో కండక్టర్ టికెట్ అడిగితే, నన్ను గవర్నమెంట్ తీసుకెళ్తోంది, డబ్బులు ఆయన్నడుగు అందని చెప్తారు. కేసు వచ్చేలోపు తన కౌంటీలో 29 ఊళ్ళు తిరిగి ఓటేస్తే నేరమా అని స్పీచులిచ్చేసరికి, జ్యూరీలో ఎవరొచ్చినా ఈవిడ మాట విన్నవాళ్ళే ఉంటారని కేసుని పక్క కౌంటీకి, అంటే ఈ ఊరికి మార్చారు. ఈవిడ ఇక్కడా మొదలుపెట్టింది.

ఇక్కడ చెయ్యాల్సింది ఏంటంటే, కోర్టులో జరిగిన ఆఖరి సంభాషణ ఆన్‌లైన్‌లో దొరుకుతుంది, ఇంటి దగ్గరే రెండు కాపీలు ప్రింట్ తీసుకుని రండి. జడ్జి వార్డ్ హంట్, జ్యూరీని కూడా ఆలోచించనివ్వకుండా దోషి అని మీరు తీర్పు ఇవ్వండి అని ఆయనే చెప్పేశాడు, ఆవిణ్ణి సాక్ష్యం కూడా చెప్పనివ్వలేదు, తీరా చివర్లో పద్ధతి ప్రకారం ఏమైనా చెప్పుకోవాలా అని అడిగాడు. ఆవిడ మొదలుపెట్టింది. ఆయన కూచోమంటాడు, ఆవిడ కూచోదు, ఇంక చాలు అంటాడు, ఆవిడ ఇంకో పాయింటు తీస్తుంది. తాతయ్యని జడ్జి, మనవరాల్ని ఆంథొనీ చేసి కోర్టు మెట్ల ముందు చదివించండి. తాతయ్య తెలుగులో "కూచోమ్మా, కూచో" అంటుంటే మనవరాలు ఇంగ్లీషులో దంచుతుంటే, ఈ ట్రిప్ మొత్తంలో ఎక్కువ నవ్వొచ్చేదీ గుర్తుండేదీ ఈ పది నిమిషాలే. 100 డాలర్ల జరిమానా వేశాడు, ఒక్క డాలరు కూడా కట్టను అంది, చచ్చేదాకా కట్టలేదు. జైల్లో పెడితే పై కోర్టుకి వెళ్తుందని జడ్జి తెలివిగా జైలు మాట ఎత్తలేదు.

టైం ఉంటే విక్టర్ అనే ఊళ్ళో గనాండగన్ అనే పాత సెనెకా ఊరి స్థలం దగ్గర ఆగండి, ఇవన్నీ రాకముందు ఈ నేల సెనెకా తెగ వాళ్ళది, ఆ తెగల్లో నాయకుడెవరో ఎంచేది, నచ్చకపోతే దించేసేది ఇంటి పెద్ద ఆడవాళ్ళు. ఓటు కోసం తన్నుకుంటున్న తెల్ల ఆడవాళ్ళకి పక్క ఊళ్ళోనే ఇది కనిపించింది, మటిల్డా గేజ్ లాంటి ఉద్యమకారులు దీని గురించి రాశారు కూడా.

రోచెస్టర్‌లో మాడిసన్ స్ట్రీట్ 17వ నంబర్ ఆంథొనీ ఇల్లు, అరెస్ట్ చేసిన హాలు అదే. టూర్ తీసుకుంటేనే బావుంటుంది, మెట్లున్నాయి కాబట్టి మోకాళ్ళ నొప్పులవాళ్ళని పక్కనున్న పార్కులో కూచోబెట్టండి, అక్కడ ఆంథొనీ, డగ్లస్ టీ తాగుతూ కూచున్న విగ్రహాలున్నాయి. ఆ విగ్రహాలు చూసి ఎప్పుడూ ఇంత చక్కగా ఉన్నారనుకోకండి. సివిల్ వార్ తర్వాత నల్లజాతి మగవాళ్ళకి ముందు ఓటు ఇస్తామనేసరికి ఆంథొనీ, స్టాంటన్ అడ్డం తిరిగారు, చదువులేని వాళ్ళకిచ్చి మాకివ్వరా అని స్టాంటన్ రాసిన మాటలు ఇప్పుడు చదివితే సిగ్గేస్తుంది, 1869లో ఉద్యమం రెండుగా చీలింది. పిల్లలకి ఇది దాచకుండా చెప్పండి, టీచర్ ఎలాగూ అడుగుతుంది.

మౌంట్ హోప్ శ్మశానంలో ఆంథొనీ సమాధి ఉంది, చిన్న తెల్లరాయి. ఎలక్షన్ రోజు జనం వచ్చి ఓటేశాక ఇచ్చే స్టిక్కర్లు ఆ రాయికి అంటించిపోతారు, రాయి పాడవుతోందని ప్లాస్టిక్ కవర్ తొడగాల్సొచ్చింది. ఆవిడ 1906లో పోయింది, ఆడవాళ్ళకి ఓటిచ్చిన రాజ్యాంగ 19వ సవరణ 1920 ఆగస్టులో వచ్చింది. అది వచ్చినా సౌత్‌లో నల్లజాతి ఆడవాళ్ళకి నిజంగా ఓటు అందింది 1965 ఓటు హక్కుల చట్టం తర్వాత. ఇక మన ఇండియా నుంచి వచ్చినవాళ్ళకైతే 1946 దాకా చట్టప్రకారం సిటిజన్‌షిప్పే సరిగ్గా దొరకలేదు, ఓటు సంగతి తర్వాత. గ్రీన్ కార్డ్ క్యూలో ఉన్నవాళ్ళు ఇక్కడ ఒక నిట్టూర్పు వదిలి కారెక్కండి.

నయాగరా చేరాక కూడా ఈ కథలు ఆగవు. స్టేట్ పార్క్‌కి ఉత్తరాన, ఆమ్‌ట్రాక్ స్టేషన్ పక్కన అండర్‌గ్రౌండ్ రైల్‌రోడ్ హెరిటేజ్ సెంటర్ అని ఉంది, గంటలో చూసెయ్యొచ్చు. అండర్‌గ్రౌండ్ రైల్‌రోడ్ అంటే రైలు కాదు, బానిసల్ని రహస్యంగా తప్పించి పంపిన మనుషుల, ఇళ్ళ గొలుసు. అక్కణ్ణుంచి కనిపించే వర్ల్‌పూల్ రాపిడ్స్ బ్రిడ్జి ఉన్నచోటే 1855లో రైళ్ళు నడిచే సస్పెన్షన్ బ్రిడ్జి ఉండేది. 1856లో హ్యారియెట్ టబ్‌మన్ జో బెయిలీ అనే మనిషిని ఆ రైల్లో కెనడా దాటిస్తుంటే, జో, చూడు జలపాతం అని అందరూ కిటికీల దగ్గరకి పిలిచారట, పట్టుకుంటారన్న భయంతో అతను చేతుల్లో తల పెట్టుకుని ఎత్తనే లేదు. బ్రిడ్జి సగం దాటి కెనడా వచ్చిందని హ్యారియెట్ భుజం పట్టి ఊపాకే లేచి పాటందుకున్నాడని ఆవిడే తర్వాత చెప్పింది.

గుర్రపునాడా జలపాతం, అదే హార్స్‌షూ ఫాల్స్, ముందు నిలబడ్డప్పుడు ఆనీ ఎడ్సన్ టేలర్ సంగతి చెప్పడం మర్చిపోకండి. ఈవిడ పుట్టింది కూడా ఆ ఆబర్న్‌లోనే. భర్త పోయిన స్కూల్ టీచరు, ముసలితనంలో డబ్బుల్లేక ఏంచెయ్యాలో తోచక, 1901 అక్టోబర్ 24న తన 63వ పుట్టినరోజున ఓక్ చెక్క పీపాలో పరుపు వేసుకుని కూచుని ఆ జలపాతం మీంచి దూకింది, తలకి చిన్న గాయంతో బయటపడింది. అలా దూకి బతికిన మొదటి మనిషి. పేరొచ్చింది గానీ డబ్బు రాలేదు, మేనేజర్ ఆ పీపా కూడా ఎత్తుకుపోయాడు. ఇది చెప్పాక పిల్లలు రెయిలింగ్ దగ్గర ఎక్కువసేపు నిలబడతారు, పట్టుకుని ఉండండి.

జాగ్రత్తలు. విజిటర్ వీసా మీదొచ్చిన పెద్దవాళ్ళకి కెనడా వీసా విడిగా ఉంటే తప్ప అటువైపు వెళ్ళలేరు, పార్కింగ్ వెతుకుతూ కెనడాకి పోయే రెయిన్‌బో బ్రిడ్జి లేన్‌లోకి వెళ్ళిపోకుండా చూసుకోండి. వెనక్కి వచ్చేటప్పుడు ఒక పూట మిగిలితే ఆల్బనీ మీదుగా రండి, పకీప్సీ ఊళ్ళో రూరల్ సెమెటరీలో ఆనందీబాయి జోషి అస్థికలున్నాయి, డిగ్రీ తీసుకున్న మరుసటి ఏడాదే 1887లో పుణెలో క్షయతో పోతే, న్యూజెర్సీ రోసెల్‌లో ఆవిణ్ణి ఇంట్లో పెట్టుకుని చూసుకున్న కార్పెంటర్ గారి కుటుంబం వాళ్ళ స్థలంలో పెట్టించుకున్నారు. సెమెటరీ పెద్దది, కార్పెంటర్ ప్లాట్ ఎక్కడని ఆఫీసులో అడిగి వెళ్ళండి, సాయంత్రం గేట్లు వేసేస్తారు కాబట్టి నయాగరాలో పొద్దున్నే బయల్దేరితేనే అందుతుంది.